వాపసు మాలు

సూరత్ బమ్రోలిలో మా టిఫిన్ సెంటరు పైగదిలో మంగ ఉంటుంది. మెట్లెక్కితే ముందు కనిపించేది మనిషి కాదు, చీరల గుట్ట. ఆ గుట్ట వెనక నుంచి "ఎవలు?" అన్న మాట వినిపిస్తే మంగ ఇంట్లో ఉన్నట్టు. ఆవిడ పని దాగా కటింగ్. ఎంబ్రాయిడరీ మిషను చీర మీద ఒక పువ్వు కుట్టి పక్క పువ్వుకు దూకినప్పుడల్లా వెనకవైపు ఒక దారం మిగిలిపోతుంది. చీరకు అలాంటివి వందలు. వాటిని చిన్న కట్టరుతో ఒక్కొక్కటే కత్తిరించాలి. ఒకటి మిగిలిపోతే కట్టుకున్నావిడ గాజుకు చిక్కుకుంటుంది. ఒకటి ఎక్కువ తెగితే పువ్వుకు పువ్వే ఊడిపోతుంది. అలా చెడిన చీరలు మార్కెట్ నుంచి తిరిగొస్తాయి. వాటిని ఇక్కడ వాపసు మాలు అంటారు. ఆ మాట ఈ వీధి ఆడవాళ్లకు తిట్టు కంటే ఎక్కువ.

ఇరవై ఏళ్లలో తన చేతి మీదుగా వెళ్లిన చీర ఒక్కటి కూడా వాపసు రాలేదని మంగ అనేది. అనడం కాదు, చాటేది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. నేను గోదావరి జిల్లా దాన్ని, మా దగ్గర ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకోరు, పక్కవాళ్ల చేత చెప్పిస్తారు. ఆవిడది సిరిసిల్ల పక్క పల్లె. ఇద్దరం తెలుగువాళ్లమే అన్నమాటే గాని, తొమ్మిదేళ్ల క్రితం నేను కొత్తగా వచ్చినప్పుడు ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. ఒకసారి పుంటికూర పచ్చడి ఉందా అని వచ్చింది. లేదన్నాను. నా చేతిలో ఉన్న గోంగూర కట్ట చూపించి, "మరి గిదేంది, గడ్డా?" అంది. ఆ రోజు నుంచి స్నేహం.

ఇక్కడొక మాట ముందే చెప్పేయాలి. మంగ క్రైస్తవురాలు. నేను కాదు. నా నుదుటి మీద బొట్టు రూపాయి బిళ్లంత ఉంటుంది, శనివారం గుడికి వెళ్లకపోతే నాకు దోసె పెనం మీద నుంచి లేవదు. ఆవిడ దేవుడితో నాకు పేచీ లేదు. ఆవిడతోనే ఉంది, రోజూ ఉంటుంది. కాబట్టి నేను చెప్పేది మతం గురించి చేసే ప్రచారం అనుకునేవాళ్లు కాస్త ఆగి వినండి. ఇది ఒక మొండి మనిషి కథ.

మంగ పెనిమిటి రాజనర్సు పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేస్తాడు. పాతికేళ్లు ఆ చప్పుడులో నిలబడి చెవులు సగం పోయాయి. సగమే వినపడటం వల్లే తన కాపురం నిలబడిందని ఆయనే అంటాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, హారతి. ఎనిమిదేళ్ల క్రితం వానాకాలంలో జ్వరమొచ్చి అయిదు రోజుల్లో పోయింది. నాలుగేళ్ల పిల్ల. నా సెంటరులో ఇడ్లీకి చట్నీ వద్దని చక్కెర అడిగి పెట్టించుకునేది. ఇంతకు మించి ఆ పిల్ల గురించి రాయలేను.

చావు జరిగిన ఇంట్లో ఏడాది పాటు పండగ ఉండదు. ఎవరూ పిలవరు, పిలవకూడదు. మా వైపూ అంతే, అందులో తప్పు పట్టాల్సింది లేదు. కానీ ఆ ఏడాది బతుకమ్మ తొమ్మిది రోజులూ వీధి చివర మైదానంలో ఆడవాళ్లు పాడుతుంటే, ఆ పాటలకు అంతకు ముందు గొంతిచ్చిన మంగ పైగదిలో చీరల గుట్ట వెనక ఒక్కతే కూర్చుంది. ఆ రోజుల్లో పక్క గదిలో నాగేశ్వరి అనే ఆవిడ అద్దెకు ఉండేది. హజీరాలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో పొద్దుటి డ్యూటీ చేసి, బస్సు దిగి నేరుగా మంగ గదికి వచ్చేది. తన కట్టరు తనే తెచ్చుకుని ఒక చీర లాక్కుని దారాలు కత్తిరించేది. ఓదార్పు లేదు, ప్రార్థన లేదు, దేవుడి పేరు లేదు. నలభై రోజుల పైగా అంతే. చివరికి మంగే ఉండబట్టలేక ఎందుకొస్తున్నావని అడిగితే, ఇంట్లో ఏమీ తోచడం లేదు అందిట. అంత పెద్ద అబద్ధం తన జన్మలో వినలేదని మంగ ఇప్పటికీ అంటుంది.

నాగేశ్వరి భర్త దశరథ పాస్టరు. వారమంతా కిమ్ అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీలో పని, ఆదివారం ఒక దారపు గోదాము మీది గదిలో ప్రార్థన. మంగ ఆ గదికి వెళ్లడం మొదలుపెట్టింది. రెండేళ్లు వెళ్లింది. ఆ తర్వాత బాప్తిస్మం తీసుకుంటానంది. ఇక్కడ మతం మారాలంటే సర్కారుకు కాగితం పెట్టుకోవాలి. ఆఫీసులో నిన్ను ఎవరు ఆశపెట్టారమ్మా అని అడిగితే, నన్ను ఆశపెట్టే ఓపిక ఎవరికుంది సాబ్ అందిట. పేరు మార్చుకోవడం మంచిదని ఎవరో అన్నప్పుడు, అయ్యగారి పేరు దశరథ ఉంటే లేని దోషం నా పేరుకే వచ్చిందా అంది. అక్కడితో ఆ సంగతి ముగిసింది. మంగ మంగగానే మేడ మీద నీళ్ల తొట్టిలో మునిగి లేచింది.

బొట్టు తీసేసింది. పుస్తెలు ఉంచుకుంది. మొగుడు బతికుండగా ఇదేం పనని వీధి వీధంతా అంది. రాజనర్సు మాత్రం, నేను సచ్చిన్ననుకునేటోళ్లను జర మా లూమ్ కాడికి పంపు, రెండు షిఫ్టులు నాతోటి నిలవడుమను అన్నాడు. ఆయన ప్రార్థనకు వెళ్లడు. ఆదివారం ఆవిడను బండి మీద దింపి, అయ్యేదాకా టీ కొట్టు దగ్గర కూర్చుంటాడు. దేవుళ్ల సంగతి తనకు తెలియదని, మంగ సంగతి తెలుసని, అది చాలని అంటాడు.

వీధికి మాత్రం ఒకే ప్రశ్న. "ఏమిచ్చిండ్రు?" నీళ్ల ట్యాంకరు దగ్గర అదే, కూరగాయల బండి దగ్గర అదే. బియ్యమా, గదికి అద్దెనా, కుట్టు మిషనా? సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక రోజు నేను కూడా అడిగాను. మంగ నా వంక చూసి, ఇచ్చింది చెప్తే నీకు నవ్వులాటగా ఉంటది అక్కా, చెప్ప అంది. ఆరేళ్ల పాటు ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆరేళ్లూ ఆవిడకు పుట్టిల్లు లేదు. పుట్టిల్లంటే ఎక్కడో ఊళ్లో లేదు, రెండు గల్లీల అవతలే ఉంది. లూమ్ మీద పనిచేసే అన్న బుచ్చిరాములు, వదిన లత అక్కడే ఉంటారు. బతుకమ్మ అంటే ఆడబిడ్డ పుట్టింటికి వచ్చే పండగ. అన్న వచ్చి పిలవాలి, చీర పెట్టాలి. బుచ్చిరాములు రాలేదు. ఎదురుపడితే మాట్లాడేవాడు, పండగకు మాత్రం పిలిచేవాడు కాదు. పిలిస్తే వాడకట్టు సమాజ్‌లో, అంటే ఇక్కడి తెలుగువాళ్ల సంఘంలో, మాట వస్తుందని భయం. ఆ సమాజ్ పెద్ద ఓంప్రకాష్. మార్కెట్ నుంచి చీరల మాలు తెచ్చి ఇళ్లకు పంచేదీ ఆయనే, కార్ఖానాల్లో ఎవరిని పెట్టాలో చెప్పేదీ ఆయనే. అందరూ కాకా అంటారు. చెడ్డవాడు కాడు, ఆపదకు ముందుంటాడు. కాకపోతే ఈ వీధిలో ఆకు కదలాలన్నా తనను అడగాలనుకుంటాడు.

ఇంకో సంగతి. మంగ తల్లి నర్సవ్వ పాటలు కట్టేది. ఆవిడ కట్టిన ఒక పాట, అత్తింటి వాకిట్లో నిలబడి అన్న కోసం ఎదురుచూసే చెల్లెలి పాట, మంగకు తప్ప ఎవరికీ రాదు. దారిన పోయే ప్రతివాడినీ మా అన్న బయలుదేరాడా అని ఆ చెల్లెలు అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ గౌరమ్మను పిలుస్తుంది. నలభై చరణాలు. చివరి చరణంలో గాని అన్న రాడు. నర్సవ్వ పోయింది, పాట మంగ గొంతులో ఉండిపోయింది. ఆరేళ్లుగా ఆ గొంతు మైదానానికి వెళ్లలేదు.

ఈ ఏడాది, పండగ మొదలయ్యే అమావాస్య నాడు పొద్దున్నే బుచ్చిరాములు వచ్చాడు. నేరుగా పైకి వెళ్లలేదు. నా సెంటరులో కూర్చుని రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాడు, ఒక చాయ్ తాగాడు, మళ్లీ ఒక చాయ్ తాగాడు. పక్కన ఒక సంచి. అందులో చీర, తడిగుడ్డలో చుట్టిన తంగేడు పువ్వు. సూరత్‌లో బంతి దొరుకుతుంది గాని తంగేడు, గునుగు దొరకవు, సిరిసిల్ల బస్సు మీద రావాల్సిందే. ధైర్యం చాలక కూర్చున్నాడని నాకు అర్థమై, పైన మనిషి ఉంది, ఎక్కండి అన్నాను. ఎక్కాడు.

నేను కొత్తిమీర తీసుకెళ్లే వంకన వెనకాలే వెళ్లాను. తప్పే, కానీ వెళ్లాను.

"చెల్లె, సద్దుల నాడు ఇంటికి రా," అన్నాడు బుచ్చిరాములు. సంచి ఆవిడ ముందు పెట్టాడు.

మంగ చీరల గుట్టను పక్కకు నెట్టి లేచింది. తంగేడు కట్ట చేతిలోకి తీసుకుని ముఖానికి ఆనించుకుంది. ఏడ్చింది. ఆ మనిషి ఏడవడం హారతి పోయినప్పటి తర్వాత అదే చూడటం. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, షరతులు మొదలుపెట్టింది. వస్తాను, పువ్వు పేరుస్తాను, ఆడవాళ్లతో కూర్చుంటాను. బొట్టు పెట్టుకోను, గౌరమ్మకు మొక్కను, ఎవరూ బలవంతం చేయకూడదు. బుచ్చిరాములు అన్నిటికీ తల ఊపాడు. మా అన్న తల ఊపుడుకు లెక్క లేదు అక్కా, ఆయన లూమ్ చప్పుడుకు గూడ ఊపుతడు అని మంగ తర్వాత నాతో అంది. కానీ ముఖం వెలిగిపోతూ అంది.

రెండు రోజులకు లత వచ్చింది. ఆరేళ్ల తర్వాత ఆ మెట్లెక్కింది. వదినా మరదళ్లు కాసేపు గోడల వంక చూశారు, కాసేపు చీరల ధరల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత లత అసలు మాట చెప్పింది. అత్తమ్మ పాట పాడమంది. మంగ తల అడ్డంగా ఊపితే లత చెయ్యి పట్టుకుంది.

"గౌరమ్మ పేరు వచ్చిన కాడ నువ్వు ఆగు, మేమందరం అందుకుంటం. నీ నోటితోని అనకు. పాట మాత్రం నీతోనే పోనియ్యకు, మంగా. అత్తమ్మ మొఖం జూడు."

లత ఆ మాట మోసంతో అనలేదు. అది మాత్రం నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆవిడకు అత్తంటే ప్రాణం. అందుకే ఆ మాట మంగను పట్టుకుంది. తిట్టినవాళ్లకు, వెలివేస్తామన్నవాళ్లకు మంగ దగ్గర జవాబులు తయారుగా ఉంటాయి. చెయ్యి పట్టుకుని అడిగిన వదినకు మాత్రం, చూస్త అంది.

ఆ వారమంతా పైగదిలోంచి కూనిరాగం వినపడేది. పిండి రుబ్బుతూ నేను వినేదాన్ని. మొదట గొంతులోనే, తర్వాత పెదాల మీద, నాలుగో రోజుకు మాటలతో. ఒక చోటికి వచ్చి ఆగేది. మళ్లీ మొదలుపెట్టేది, మళ్లీ అక్కడే ఆగేది. నేను పైకి వెళ్లి పాటే కదా, పాడేయవే, ఏం పోయింది, నీ దేవుడు అంత కోపిష్టా అన్నాను. నేను చేసింది మేలనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందరి కంటే మెత్తగా వెనక్కి లాగింది నేనే.

అయిదో రోజు మార్కెట్ నుంచి ఒక చీర తిరిగొచ్చింది. ఊదారంగు చీర, పల్లూలో ఒక పువ్వు సగం ఊడిపోయి ఉంది. మంగ కత్తిరించిన చీర. నేను చూసి నవ్వాను. ఇరవై ఏళ్ల గొప్ప ఇవాళ్టితో తీరిందని వేళాకోళం చేశాను. ఆవిడ నవ్వలేదు. ఆ చీరను తిరగేసి ఒళ్లో పరుచుకుని చాలాసేపు చూసింది. వదలాల్సిన దారం ఏదో, తెంపాల్సిన దారం ఏదో తనకు తెలియకుండా పోవడం ఇదే మొదలు అంది. పాట మీద ధ్యాస ఉంది కదా, చెయ్యి తప్పిందని నేను సర్దిచెప్పాను. అదే నేననేది అంది.

ఆదివారం పాస్టరును అడగడానికి వెళ్లింది. వెళ్లేటప్పుడు ఎంత నిమ్మళంగా వెళ్లిందో, వచ్చేటప్పుడు అంత మండుతూ వచ్చింది. ప్రార్థన గది ఖాళీ చేయమని గోదాము యజమాని అంటున్నాడట. ఎక్కడా మాట రాకూడదని దశరథ భయం. పాడితే తప్పా అని మంగ అడిగితే ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, నీ ఇష్టమమ్మా, దేవుడు హృదయాన్ని చూస్తాడు అన్నాడట.

"వద్దనిపించుకుందమని పోతే నీ ఇష్టం అంటడేంది అక్కా? నా ఇష్టం నాకెరుకే. పాడాలనే ఉన్నది. గందుకే గదా అడగవోయింది!"

నాగేశ్వరి సాగనంపడానికి గోదాము మెట్ల దాకా వచ్చిందట. నిన్ను వద్దనే హక్కు నాకు లేదు మంగా, ఆ రోజుల్లో నిన్ను రమ్మని కూడా నేను అనలేదు కదా అందట. ఈ మాట చెప్పి మంగ కట్టరు తీసుకుంది, ఊదారంగు చీర ముందు వేసుకుంది, ఊడిన పువ్వును సూదితో మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూ, తల ఎత్తకుండా తేల్చేసింది.

"పేరు కాడ ఆగుడంటే ఏంది అక్కా? పాటంత ఆ పేరు కోసమే కట్టింది మా అవ్వ. పేరు తీసి పాడితే మా అవ్వకు మోసం. పేరు పెట్టి పాడితే నాకు నేనే మోసం. రెండూ జేయ. మా అన్న ఇంటికి మాత్రం పోత."

నాకు కోపం వచ్చింది. ఇంత చేసి వెళ్లడం దేనికి, ఇంట్లోనే కూర్చోరాదా అన్నాను. అన్న పిలిచాడు కదా అంది. అంతే.

పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు సమాజ్ వాళ్లు పులిహోర నాకే ఒప్పచెప్పారు. రెండు పెద్ద గుండిగలు. సాయంత్రం అయిదింటికే మైదానం నిండిపోయింది. ఒకవైపు బతుకమ్మలు, ఒకవైపు వేదిక, బ్యానరు, మైకు. పక్క సొసైటీలో గర్బా వాళ్లు డోలు సరిచూసుకుంటున్నారు. మంగ వచ్చింది. బుచ్చిరాములు పెట్టిన చీర కట్టుకుంది, తంగేడు పసుపురంగు, ఎర్రంచు. తలలో పువ్వు లేదు, నుదుటి మీద బొట్టు లేదు, నడకలో వంకరా లేదు.

గేటు దగ్గర వచ్చిన ప్రతి ఆడమనిషికీ లత కుంకుమ పెడుతోంది. మంగ దగ్గరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ వేలు లేచింది. చుట్టూ ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. మంగ వెనక్కి జరగలేదు. ఆ వేలిని పట్టుకుని, రెండు అరచేతుల మధ్య మూసుకుని, వదినె, మంచిగున్నవా అంది. లత కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమో ప్రేమో నేను చెప్పలేను, రెండూ కావచ్చు. మంగ అరచేతికి అంటిన కుంకుమను చీరకు తుడవలేదు, అలాగే ఉంచుకుని వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. ఆరేళ్ల తర్వాత ఎవరో ఆవిడకు చోటిచ్చి పక్కకు జరిగారు. ఆ చోటు చూసి నాకు కడుపు నిండింది.

అప్పుడు ఓంప్రకాష్ మైకు అందుకున్నాడు. వచ్చిన అతిథుల కోసం కాసేపు హిందీలో, కాసేపు తెలుగులో మాట్లాడాడు. సమాజ్ ఐకమత్యం గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ శాలువా ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇయ్యాల మనకు డబుల్ పండుగ. దారి తప్పి పోయిన మన బుచ్చిరాములు చెల్లె, మన ఆడబిడ్డ మంగ, మన ఇంటికి వాపసొచ్చింది. చప్పట్లు గొట్టుండ్రి."

చప్పట్లు మోగాయి. నేను బుచ్చిరాములు వైపు చూశాను. మంగ కూడా అటే చూసింది. ఆయన తల వంచుకుని చెప్పుల వంక చూస్తున్నాడు. అంటే తెలుసు. ఆ ఇడ్లీలు, ఆ రెండు చాయ్‌లు, ఆ తంగేడు కట్ట, అన్నిటి వెనకా ఇది ఉందని తెలిసే వచ్చాడు. చెల్లెలిని పిలవాలన్న కోరిక ఆయనదే, సమాజ్ ఇచ్చిన అనుమతికి ఖరీదు మాత్రం ఇది. ఆ క్షణం మంగ ముఖం చూసినవాళ్లు ఎవరూ మళ్లీ ఆవిడను ఏమిచ్చారని అడగరు. అక్కడే కూర్చుండిపోతే అన్న పరువు నిలుస్తుంది, వదిన మిగులుతుంది, పాట మిగులుతుంది. నోరు మూసుకుంటే చాలు. ఒప్పుకోనక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

మంగ లేచింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. వేదిక ఎక్కి, శాలువా వైపు చూడకుండా, ఓంప్రకాష్ చేతిలోంచి మైకు తీసుకుంది. లాక్కోలేదు. చెయ్యి చాపింది, ఆయన ఇచ్చాడు. పాడుతుందనుకున్నాడు పాపం.

"మా అన్న పిలిస్తే వచ్చిన. వాపసు రాలే," అంది.

 గర్బా డోలు ఒక్కటే వినపడుతోంది.

"ఓంప్రకాష్ కాకా, నువ్వు మార్కెట్ల మాలు పెట్టెటోనివి. మాలు ఎప్పుడు వాపసొస్తదో నీకు నేను జెప్పాల్నా? కొన్నోడు వద్దంటే వస్తది. నన్ను కొన్నోడు ఇంక వద్దన్లే."

మగవాళ్ల వైపు నుంచి ఎవరో నవ్వారు. అదే పాత ప్రశ్న, ఈసారి గట్టిగా వచ్చింది. "ఏమిచ్చి కొన్నడంట?"

మంగ ఆ వైపు తిరిగింది. ఆరేళ్లుగా దాచుకున్న జవాబు, నవ్వులాట అవుతుందని నాకు కూడా చెప్పని జవాబు, నెమ్మదిగా, చీర మడత పెట్టినంత నిదానంగా చెప్పింది.

"పాణమిచ్చిండు. నువ్వేమిస్తవు?"

ఎవరూ నవ్వలేదు. మంగ మైకును బల్ల మీద పెట్టి దిగింది. అప్పుడు లేచింది గోల. ఒకరు అవమానమన్నారు, ఒకరు పోలీసులన్నారు, ఓంప్రకాష్ మైకు వెతుక్కుంటున్నాడు. ఆ గోలలో లత ఏం చేసిందో చాలామంది గమనించలేదు. గబగబా బతుకమ్మల మధ్యకు వెళ్లి చప్పట్లు కొట్టి ఒక మామూలు పాట ఎత్తుకుంది. ఆడవాళ్లు ఆవిడ వెనక చేరారు, వలయం తిరగడం మొదలైంది, మగవాళ్ల అరుపులు ఆ పాట కింద మునిగిపోయాయి. ఆ వలయం పక్క నుంచి మంగ నడుచుకుంటూ నా గుండిగల దగ్గరికి వచ్చింది. 

"గీ గుండిగ ఇంక దేవుని ముంగట పెట్టలే గదా?" అని అడిగింది.

లేదన్నాను. దేవుడి ముందు పెట్టింది ఆవిడ తినదు.

"అయితే పెట్టు. ఆకలైతంది."

విస్తరాకులో పెట్టాను. నిలబడే తింది, మెతుకు వదలకుండా తింది. ఉప్పు తక్కువైందని కూడా అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి ఓంప్రకాష్ మాలు ఆవిడ గదికి రాలేదు. మంగ ఉధనా వెళ్లి ఇంకో ఏజెంటు దగ్గర చీరలు తెచ్చుకుంది, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. దశరథ కిమ్ నుంచి పని మానుకుని వచ్చాడు. ధైర్యం చెప్పడానికి వచ్చిన మనిషి ముందు తానే క్షమించమన్నాడు. నీళ్ల ట్యాంకరు దగ్గర కొందరు ముఖం తిప్పుకున్నారు, ఇద్దరు ముగ్గురు కొత్తగా పలకరించారు. ఏమిచ్చిండ్రు అన్న మాట మాత్రం మళ్లీ వినపడలేదు. రాజనర్సుకు ఎవరో కార్ఖానాలో ఇదంతా చెబితే, సగం వినపడిందని, ఆ సగం బాగుందని అన్నాడట. ఆ సాయంత్రం మంగకు జిలేబీ తెచ్చాడు. నాకు పెట్టలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం బుచ్చిరాములు వచ్చాడు. ఈసారి ఇడ్లీ అడగలేదు, నా వంక కూడా చూడలేదు. సరాసరి మెట్లెక్కి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. నేను కొత్తిమీర కూడా తీసుకోకుండా వెనకే వెళ్లాను.

ఓంప్రకాష్ కాక పంపించాడని చెప్పాడు. సమాజ్‌లో మాట నిలబడాలంటే ఒక పని చేయాలన్నారట. 

"పండుగకు పెట్టిన చీర... వాపసియ్యమంటుండ్రు, చెల్లె."

చీరల గుట్ట వెనక నుంచి మంగ లేచింది. ఆ పసుపు చీరే కట్టుకుని ఉంది. ఆ రోజు పనిలో కూడా అదే కట్టుకుని కూర్చుంది.

"గీ చీర ఎవలికి పెట్టినవన్నా? వాపసొచ్చినదానికా, నీ చెల్లెకా?"

బుచ్చిరాములు గడప పట్టుకున్నాడు. కింద వీధిలో ఆటో వాడు ఎవరినో తిడుతున్నాడు. 

"నా చెల్లెకే," అన్నాడు.

"అయితే ఇయ్య."

అని, వంగి, చీర కింది అంచు తిరగేసి అన్నకు చూపించింది. లోపలివైపు పొడవునా ఎర్ర గుడ్డ పట్టీ కుట్టి ఉంది.

"ఫాల్ కుట్టేసిన. ఫాల్ కుట్టిన చీర సూరత్‌ల ఏ దుకాణపోడూ వాపసు దీస్కోడు. పోయి మీ కాకకు జెప్పు."

బుచ్చిరాములు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. చీరల గుట్ట పక్కన, ఎనిమిదేళ్ల క్రితం నాగేశ్వరి కూర్చున్న చోట చతికిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెల్లెలి చీర అంచు పట్టుకుని ఆ కుట్టు మీద వేలితో తడిమాడు. నేతపని తెలిసిన వేలు కదా, దానికి తెలిసిపోయింది.

"ఒక్క వరుస సాలు గదనే. రెండు వరుసలు కుట్టినవేంది?"

మంగ అప్పటికే కట్టరు అందుకుని పనిలో పడింది. తల ఎత్తలేదు.

"ఊడకుంట," అంది.